జున్ను మళ్లీ పుడతాడా?

మొన్నటి వీడియోలో జడభరతుడి కథ చెప్పుకున్నాం కదా. చివర్లో నా గొంతు బొంగురుపోతే జలుబు చేసిందనుకుని ఉంటారు. జలుబు కాదు. దానికి నాలుగు రోజుల ముందే మా జున్ను పోయాడు. ఆ రోజు మా ఇంట్లో లేచిన ఒక ప్రశ్నని కెమెరా ముందు మాట్లాడే ధైర్యం చాలలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జున్ను వీధికుక్క. పదమూడేళ్ల కిందట వానలో తడిసి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వణుకుతుంటే, స్కూలు నుంచి వస్తున్న మా చెల్లి చున్నీలో చుట్టి పైకి తెచ్చింది. జున్ను ముక్కలాంటి రంగు, అందుకే ఆ పేరు. నాలుగేళ్ల కిందట చెల్లి ఎమ్మెస్ కోసం డాలస్ వెళ్లింది. వీసా గొడవలతో మళ్లీ రాలేకపోయింది. జున్నుని వీడియో కాల్‌లో చూసుకోవడమే.

వాడు పోయిన పొద్దున ఫోన్ చేసి చెప్పాను. ఏడ్చి పెట్టేసింది. పావుగంట తర్వాత తనే మళ్లీ చేసింది.

"అన్నయ్యా, వాణ్ణి పూడ్చొద్దు. ఫ్రిజ్‌లో పెట్టించు. ఫ్రీజర్‌లో కాదు, ఫ్రిజ్‌లోనే. ఐదు రోజుల్లోపు చర్మం ముక్క తీస్తే చాలట. ఇక్కడ టెక్సస్‌లో క్లోనింగ్ చేస్తారు. యాభై వేల డాలర్లు. లోన్ తీసుకుంటాను."

మన లెక్కలో నలభై లక్షల పైమాటే. కానీ డబ్బు దండగ అని కొట్టిపారేయలేకపోయాను. అలా అంటే, డబ్బున్నవాళ్లు చేసుకోవచ్చు అన్నట్టే కదా. అసలు ప్రశ్న అది కాదు. ఆ పుట్టేది జున్నేనా?

ముందు విషయం ఏంటో చూద్దాం. పోయిన కుక్క చర్మం నుంచి ఒక కణం తీసుకుంటారు. ఇంకో కుక్క నుంచి అండం తీసి, దాని కేంద్రకాన్ని తొలగించి, ఈ కణాన్ని అందులో కలుపుతారు. అలా తయారైన పిండాన్ని మరో కుక్క గర్భంలో పెడతారు. రెండు నెలలకి పిల్ల పుడుతుంది. జన్యువులు దాదాపు అచ్చు అవే.

కానీ మనిషి అనుకున్నట్టే అంతా జరగదు. 2001లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో మొదటి క్లోన్ పిల్లి పుట్టింది. తల్లికణం ఇచ్చిన పిల్లి పేరు రెయిన్‌బో. దాని ఒంటి మీద నారింజ రంగు మచ్చలుండేవి. పుట్టిన పిల్లకి ఆ నారింజ రంగే రాలేదు. ఏ మచ్చ ఎక్కడ పడాలన్నది జన్యువులు ఒక్కటే తేల్చే సంగతి కాదు, గర్భంలో పెరిగేటప్పుడు తేలేది. హాలీవుడ్ గాయని బార్బ్రా స్ట్రైసాండ్ తన కుక్క సమాంతా పోయాక రెండు క్లోన్ పిల్లల్ని తెచ్చుకున్నారు. వాటి స్వభావాలు వేరని 2018లో ఆవిడే చెప్పారు. వాటికి పేర్లు కూడా వేరే పెట్టుకున్నారు.

"మన ధర్మంలో పునర్జన్మ ఉంది కదా, ఆత్మ అదే ఒంట్లోకి రావచ్చు కదా" అని మా చెల్లే అడిగింది. శరీరం వస్త్రం లాంటిదని గీత చెప్పింది. ఆ పోలికలోనే జవాబుంది. ఒకే తానులోంచి ఇంకో చొక్కా కుట్టించినంత మాత్రాన, పాత చొక్కా తొడుక్కున్న మనిషి వచ్చి నిలబడడు. జీవుడు తన కర్మను బట్టి పోతాడు. మనం ఫ్రిజ్‌లో దాచిన చర్మం ముక్క చూసి వెనక్కి రాడు.

ఇక్కడ నాకు ఛాయాదేవి కథ గుర్తొచ్చింది. సూర్యుడి వేడి భరించలేక సంజ్ఞాదేవి తన నీడకి తన రూపమే ఇచ్చి, ఇంట్లో తన స్థానంలో ఉంచి వెళ్లిపోయింది. అదే ముఖం, అదే గొంతు. సూర్యుడికే తెలియలేదు. బయటపడింది ఎవరివల్ల? పిల్లవాడైన యముడివల్ల. కోపంలో ఆవిడ తనని శపిస్తే, కన్నతల్లి ఇలా శపించదని తండ్రి దగ్గరికెళ్లి చెప్పాడు. రూపం సరిపోయింది, బంధం సరిపోలేదు.

ఈ కథని ఇంతవరకే చెప్పి ఆపేస్తాం మనం. నేను ఈసారి ఛాయ వైపు నుంచి ఆలోచించాను. ఆవిడ చేసిన తప్పేంటి? ఇంకొకరి పేరుతో, ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరిలా ఉండమని చెప్పారు. ఆవిడ మాత్రం సంజ్ఞ కాదు. ఆవిడకి తన మనసుంది, తన పిల్లలున్నారు. మనం శనివారాలు నువ్వుల నూనెతో అభిషేకం చేసే శనీశ్వరుడు ఆవిడ బిడ్డే. నీడ అనుకున్న ఆవిడ తనంతట తాను ఒక తల్లి.

క్లోనింగ్‌లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మోసపోయేది మనం అనుకుంటాం. అన్యాయం జరిగేది ఆ పుట్టే కుక్కపిల్లకి. అది లిఫ్ట్ చప్పుడుకి తలుపు దగ్గరికి పరిగెత్తకపోతే "జున్ను ఇలా చెయ్యడే" అనుకుంటాం. పెరుగన్నం ముట్టకపోతే చిన్నబోతాం. తను పుట్టకముందే ఎవరో చేసిన అప్పు తీర్చడానికి వచ్చినట్టు, బతికినన్నాళ్లూ పరీక్ష రాస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 2005లో దక్షిణ కొరియాలో మొదటి క్లోన్ కుక్క స్నప్పీ పుట్టింది. దానికోసం 1,095 పిండాల్ని 123 ఆడకుక్కల గర్భాల్లో పెట్టారు. పుట్టినవి రెండే, అందులో ఒకటి మూడు వారాలకే పోయింది. ఇప్పుడు పద్ధతులు మెరుగయ్యాయి, నిజమే. అయినా అండం ఇచ్చేది ఒక కుక్క, మోసేది ఇంకో కుక్క. వాటిని ఎవరూ అడగరు. ఒక కుక్క మీద ప్రేమతో పేరు కూడా తెలియని కుక్కల్ని కోతకి పెట్టడం ప్రేమేనా?

క్లోనింగ్ మొత్తం పాపం అనట్లేదండీ. మన కర్నాల్‌లో, జాతీయ డెయిరీ పరిశోధన సంస్థలో, 2009లో గరిమ అనే గేదెదూడని క్లోనింగ్‌తో పుట్టించారు. మంచి పాడి జాతులు పెంచడం వాళ్ల ఉద్దేశం. అది సరైనదా కాదా అన్నది వేరే చర్చ. కానీ అక్కడెవరూ గరిమని "నువ్వు పోయినదానివే, మాకోసం తిరిగొచ్చావు" అనలేదు.

మరి ప్రేమే తప్పా? కాదు. ధర్మరాజు స్వర్గం గుమ్మం దగ్గర నిలబడి, వెంట వచ్చిన కుక్కని వదిలి రానన్నాడు. అది బతికున్న కుక్క, తనని నమ్ముకుని నడిచొచ్చిన కుక్క. జడభరతుడు కూడా పూర్వజన్మలో తల్లి చచ్చిపోయిన జింకపిల్లని ఏట్లోంచి తీసి కాపాడాడు, అది పుణ్యమే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, అది తనదే, తన దగ్గరే ఉండాలి అన్న చోట. నమ్ముకున్నదాన్ని విడవకపోవడం ధర్మం. వెళ్లిపోయినదాన్ని పోనివ్వకపోవడం మోహం. రెండూ లోపల్నించి చూస్తే ఒకేలా అనిపిస్తాయి, అదే కష్టం.

ఇవన్నీ ఆ రోజు చెల్లికి చెప్పలేదు. ఏడుస్తున్న మనిషికి పురాణం చెప్తే అది కర్కశం. అమ్మ ఫోన్ తీసుకుని "వాడి రుణం తీరిందమ్మా, పంపించేద్దాం" అంది. చాలాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత చెల్లి నన్ను అడిగింది: "చివర్లో నాకోసం చూశాడా అన్నయ్యా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "తలుపు వైపు తల పెట్టి పడుకున్నాడు. ఎవరికోసమో నాకు తెలీదురా" అన్నాను.

అప్పుడు అర్థమైంది. తను తిరిగి కావాలనుకుంటున్నది జున్ను ఒక్కడే కాదు, వాడి పక్కన తను లేకుండా పోయిన నాలుగేళ్లు. వాటిని ఏ ల్యాబూ పుట్టించలేదు.

సాయంత్రం భువనగిరి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల చేలో, వేపచెట్టు కింద వాణ్ణి పూడ్చాం. డాలస్‌లో తెల్లవారుజామున చెల్లి వీడియో కాల్‌లో ఉంది. మట్టి వేసేటప్పుడు వాడి పేరు పిలిచింది. ఫోన్ పట్టుకున్న నా చెయ్యి వణికింది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి జున్ను ఉండి ఉంటే, ఏడవండి. కుక్క కోసం ఇంత ఏడుపేంటి అన్నవాళ్లని పట్టించుకోకండి. గుర్తొచ్చిన రోజు వీధిలో ఒక మూగజీవానికి ఇంత అన్నం పెట్టండి. మనసు ఒప్పుకున్నాక ఇంకో పిల్లని తెచ్చుకోండి, తప్పు లేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. దానికి పాత పేరు పెట్టకండి. దాని పేరుతో దాన్ని బతకనివ్వండి.

వచ్చే వారం ఛాయాదేవి కథ పూర్తిగా వీడియోలో చెప్పుకుందాం. శుభం.