గాయపడిన కోడి: ఆ పూట అదే మీ పూజ



సుబ్రహ్మణ్యస్వామి జెండా మీద ఉండేది కోడిపుంజు. మంగళవారం ఆ స్వామికి అభిషేకం చేయిస్తాం. మరి మనం పెంచుకునే కోడిపెట్టను కుక్క కరిచి రక్తం కారుతుంటే? ఆఫీసులో సర్వర్ డౌన్ అయితే దండం పెట్టి కూర్చోం కదా, వెంటనే లాగిన్ అవుతాం!

భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పిందిదే. ప్రాణుల్లో ఉన్న దేవుణ్ణి పట్టించుకోకుండా విగ్రహానికి చేసే పూజ బూడిదలో హోమం లాంటిదట.

కాబట్టి జాలి చేతుల్లోకి దిగాలి. ముందు కోడిని వేరు చేయండి, రక్తం కనిపిస్తే మిగతా కోళ్ళు పొడుస్తాయి. శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టండి. రక్తం ఆగాక, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపి గాయం కడగండి. వెచ్చగా, చీకటిగా ఉండే అట్టపెట్టెలో పెట్టి, పక్కన తాగడానికి నీళ్ళు ఉంచండి.

పసుపు అద్ది సరిపెట్టుకోవద్దు. కుక్క పన్ను పైకి చిన్న గాటులా కనిపించినా లోతుగా దిగి చీము పట్టిస్తుంది. ఈగలు వాలితే పురుగు పడుతుంది. అదే రోజు పశువుల డాక్టరుకి చూపించండి.

ఇంత చేసినా అది బతకకపోవచ్చు. రెక్కలు తెగిన జటాయువు కూడా బతకలేదు. అయినా రాముడు అతణ్ణి దగ్గరికి తీసుకున్నాడు, తండ్రికి చేసినట్టు దహన సంస్కారం చేశాడు.

ఫలితం స్వామి చూసుకుంటాడు. గాయం కడగాల్సింది మాత్రం మనమే.

జై శ్రీరామ్.