వైన్ తియ్యగా ఉంటే తప్పా?

అమెరికా దక్షిణాదిలో ఓ మోస్తరు ఊరికి వైన్ కల్చర్ వచ్చిందని ఎట్లా తెలుస్తుంది? నేనుండే రాలీలో దీనికి తలా ఒక జవాబు చెప్తారు. కొందరు రెస్టారెంట్ల వైన్ లిస్టులు చూపిస్తారు, కొందరు షాపుల్లో సాయంత్రాలు జరిగే టేస్టింగ్‌లు. నేను చూసేది వేరే. కౌంటర్ దగ్గర ఎవరైనా "నాకు తియ్యటి వైన్ ఇష్టమండీ" అన్నప్పుడు అవతలి మనిషి మొహంలో ఏం జరుగుతుందా అని చూస్తాను. ఎక్కువసార్లు ఒక చిరునవ్వు వస్తుంది. మర్యాదైన నవ్వే. పెద్దయ్యాక రైలింజను నడుపుతానన్న పిల్లాణ్ణి చూసి నవ్వే నవ్వు. ఆ వెనకే, మెల్లగా అలవాటు చేద్దాం లెండి అన్నట్టు ఇంకో సీసా బయటికొస్తుంది.

ఆ నవ్వులో ఒక నైతిక ప్రశ్న ఉందని నా అనుమానం. రుచి నేర్చుకోవడమంటే, నిన్నటిదాకా మనకు నచ్చినదాన్ని చూసి సిగ్గుపడటం నేర్చుకోవడమేనా? సిగ్గు లేకుండా నేర్చుకునే దారి ఉందా?

రాలీ నార్త్ కరోలినా రాజధాని. 2020 లెక్కల్లో జనాభా నాలుగు లక్షల అరవై ఏడు వేలు. 1959లో మొదలైన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ వల్ల ఎక్కడెక్కడి వాళ్ళో ఇక్కడికి చేరారు. మనవాళ్ళూ చేరారు, పక్కనే కేరీలో వెంకన్న గుడి, మోరిస్‌విల్‌లో ఇడ్లీ పిండి, మునక్కాడలు. ఇట్లా డబ్బూ జనమూ కొత్తగా వచ్చిన ఊళ్ళో వైన్ మీద ఇష్టం పెరగడంలో వింతేం లేదు. ఆంగస్ బార్న్ అనే స్టేక్‌హౌస్ ఇక్కడ 1960లో తెరిచారు. అప్పట్లో ఈ రాష్ట్రంలో హోటల్లో కాక్‌టెయిల్ అమ్మకూడదు. కావాలంటే ఎవరి సీసా వాళ్ళు ఖాకీ కాగితం సంచిలో చుట్టి తెచ్చుకునేవాళ్ళు. ఎక్కడికక్కడ ఓటింగ్ పెట్టి గ్లాసులో పోసి అమ్ముకోవచ్చని చట్టం వచ్చింది 1978లో. స్పిరిట్స్ సీసాలు ఇవాళ్టికీ ఎక్కువగా ప్రభుత్వ అజమాయిషీలోని ఏబీసీ దుకాణాల్లోనే దొరుకుతాయి. అట్లాంటి చోట ఆ స్టేక్‌హౌస్ తన సెల్లార్‌కి 1989 నుంచి వైన్ స్పెక్టేటర్ వాళ్ళ గ్రాండ్ అవార్డు నిలబెట్టుకుంటూ వస్తోంది. ఊరికి దాని గురించి గర్వం, న్యాయమైన గర్వమే.

అయితే ఈ కథని "ఏమీ లేని చోట అన్నీ తెచ్చిపెట్టాం" అన్నట్టు చెప్పుకుంటారు. అక్కడే నాకు పేచీ. ఎందుకంటే ఇక్కడ వైన్ ఉండేది, బాగానే ఉండేది. స్కపర్నాంగ్ అని ఇక్కడి మట్టిలో పుట్టిన ద్రాక్ష. మస్కడైన్ జాతిలో ఒక రకం. తెల్లదొరల కాలనీలకు ముందునుంచే అడవిలో పాకేది. తోలు మందం, గింజలు పెద్దవి, పండు బంగారు ఆకుపచ్చ, వాసన కస్తూరి కలిపినట్టు. ఈ ఉక్కపోతలో యూరప్ తీగలు రోగాలొచ్చి చస్తుంటే ఇది మాత్రం నిక్షేపంగా కాసేది. దీని పళ్ళలో వైన్‌కి చాలినంత చక్కెర తనంతట తాను ఉండదు, అందుకని చక్కెర కలుపుతారు. చేసిన వైన్ ఎక్కువగా తియ్యగానే ఉంటుంది. థామస్ జెఫర్సన్ దీన్ని మెచ్చుకున్నాడు. ఆయన ఫ్రాన్స్‌నుంచి తెప్పించుకున్న సోటెర్న్ కూడా తియ్యటిదే. (ఆ సీసాలు ఆయన బల్లమీద పెట్టింది బానిసలు. ఫైన్ వైన్ చరిత్రల్లో ఈ వాక్యం తరచూ జారిపోతుంటుంది.) తర్వాత పాల్ గారెట్ అనే ఇక్కడి మనిషి స్కపర్నాంగ్ కలిపి వర్జీనియా డేర్ అనే వైన్ చేసి దేశమంతా అమ్మాడు.

ఆ తర్వాత అది ఏమైంది? ఎవరికీ నచ్చక పోలేదు, చట్టం పోగొట్టింది. 1908లో నార్త్ కరోలినా జనం ఓటేసి మద్యనిషేధం తెచ్చుకున్నారు. జాతీయ నిషేధానికి పదేళ్ళకు పైగా ముందే. దాని కోసం గట్టిగా ప్రచారం చేసినవాడు రాలీలోనే ఉన్న న్యూస్ అండ్ అబ్జర్వర్ పత్రిక అధిపతి జోసెఫస్ డేనియల్స్. 1898లో, 1900లో నల్లవాళ్ళ ఓటు హక్కుని ఊడ్చేసిన ప్రచారానికి గొంతుకైంది కూడా అదే పత్రిక. 2020లో ఆయన విగ్రహాన్ని నాష్ స్క్వేర్ నుంచి కుటుంబసభ్యులే తీయించేశారు. ఎవరు తాగొచ్చు, ఎక్కడ తాగొచ్చు, ఎవరు తాగితే ప్రమాదం అనే లెక్కలు ఈ ఊళ్ళో ఎప్పుడూ ఉత్త ఆరోగ్యానికి సంబంధించినవి కావు. గారెట్ తన వ్యాపారాన్ని రాష్ట్రం దాటించుకుపోయాడు. తోటలు పోయాయి. డెబ్భై ఏళ్ళ తర్వాత ఊరు మళ్ళీ వైన్ వైపు చూసేసరికి తన వైన్ ఏదో తనకే గుర్తు లేదు. అప్పుడు ఎదురుగా కనిపించిన రుచి బోర్డోది, నాపాది.

డేవిడ్ హ్యూమ్ 1757లో రుచికి ప్రమాణం ఏమిటని ఒక వ్యాసం రాశాడు. అందులో డాన్ కిహోటే నుంచి తీసుకున్న ఒక పిట్టకథ ఉంది. ఇద్దరు చుట్టాల్ని ఓ పీపాలో వైన్ రుచి చూడమంటారు. బావుంది గానీ కాస్త తోలు వాసన అంటాడొకడు. బావుంది గానీ ఇనుప రుచి తగుల్తోంది అంటాడు ఇంకొకడు. అందరూ పగలబడి నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు ముక్క కట్టిన ఇనప తాళంచెవి దొరుకుతుంది. అంటే రుచి ఉత్త భ్రమ కాదు, కనిపెట్టగలిగే నాలుకలు కొన్ని ఉంటాయి అని హ్యూమ్ వాదన. కాంట్ ఇంకోలా అంటాడు. 1790లో ఆయన తీసుకున్న ఉదాహరణ కూడా వైనే. కానరీ వైన్ బావుంది అంటే కుదరదు, "నాకు" బావుంది అనాలి అంటాడు. అందరూ ఒప్పుకోవాలని పట్టుబట్టే హక్కు అందానికి ఉంది గానీ నాలుకకి లేదు.

నాకు ఇద్దరూ కావాలి. తాళంచెవి ఉందన్న మాట నిజం. శ్రద్ధగా తాగే మనిషికి శ్రద్ధలేని మనిషికంటే ఎక్కువ తెలుస్తుంది. ఎవరి రుచి వాళ్ళది అని చేతులు దులుపుకోవడం ప్రజాస్వామ్యంలా కనిపించే బద్ధకం. కానీ హ్యూమ్ కథలో ఆ చుట్టాలిద్దరూ తోలునీ ఇనుమునీ పట్టుకున్నారు, అంతే. తోలు వాసన నచ్చేవాడు తక్కువ మనిషి అనలేదు. కనిపెట్టడం వేరు, మనుషులకి వరసలు కట్టడం వేరు. షాపులో ఆ చిరునవ్వు మొదటిదాని పేరు చెప్పి రెండోది చేస్తుంది. రుచులు మనుషుల్ని వర్గాలుగా విడదీస్తాయని బోర్దియూ 1979లో 'డిస్టింక్షన్' రాసి చూపించాడు; ఆయన్ని చదవని షాపువాళ్ళు కూడా ఆ పని బాగానే చేస్తున్నారు.

పైగా అసలు తప్పు తీపిది కూడా కాదు. సోటెర్న్ తీపే, టొకాయ్ తీపే, జర్మనీలో మోజెల్ నది ఒడ్డున చేసే రీస్లింగ్‌లో మంచి మంచివి తీపివే. వాటి ముందు ఎవరూ నవ్వరు. పల్లెటూళ్ళో చర్చికెళ్ళే ముసలమ్మ ఇష్టపడే తీపి, నల్లవాళ్ళు ఇష్టపడే తీపి, ఆడవాళ్ళు ఇష్టపడే తీపి, ఇవి మాత్రం తప్పు. మనవాళ్ళ పార్టీల్లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. "అక్కా, మీకు మాస్కటో తెచ్చాం, ఇది మీరు తాగలేరు" అంటాడు తమ్ముడిలాంటి ఓ కుర్రాడు, తన చేతిలో కాబర్నే గ్లాసుతో. వాడి ప్లేట్లో గోంగూర మటన్. ఇక్కడ వాడికి చెప్పాల్సిన శాస్త్రం ఒకటుంది. కారం తిన్న నోట్లో వగరు ఉన్న, ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ వైన్ పోస్తే మంట పెరుగుతుంది. తీపి దాన్ని చల్లారుస్తుంది. గోంగూర పులుపుకి తట్టుకోవాలంటే వైన్‌కి కూడా పులుపు ఉండాలి. అంటే కొంచెం తీపి, గట్టి పులుపు ఉన్న వైనే మన భోజనానికి నప్పుతుంది. వాడు కళ్ళల్లో నీళ్ళతో కాబర్నే మింగుతూనే ఉంటాడు. నేర్చుకున్న రుచి కోసం నాలుక చెప్పేది వినడం మానేశాడు పాపం.

ఇక్కడివాళ్ళ తిండి కూడా మనకేం దూరం కాదు. రాలీకి తూర్పున పందిని మొత్తంగా నిప్పుల మీద కాల్చి, వినిగర్‌లో ఎండుమిరప కలిపిన పులుసు పోస్తారు. పులుపూ కారమూ. పక్కన చక్కెర పాకంలాంటి ఐస్ టీ. ఆ నోటికి తీపి వైన్ పుట్టడం అజ్ఞానం కాదు, లెక్క. తూర్పున రోజ్ హిల్‌లోని డూప్లిన్ వైనరీ 1970ల నుంచీ మస్కడైన్ తీపి వైన్ చేస్తోంది, జనం కొంటూనే ఉన్నారు. కిరాణా సూపర్ మార్కెట్లలో ఉంటుంది. నేను వెళ్ళే ఫైన్ వైన్ షాపులో మాత్రం ఒక్క సీసా ఉండదు. అడిగితే ఆ నవ్వు.

మనకి మన పీపా, మన తాళంచెవి లేవా అంటే, ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో కల్లు తాగే పెద్దమనుషులకి పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు తేడాలు తెలుసు. ఏ చెట్టు కల్లు ఎట్లుంటదో, పొద్దున దించిందేదో మాపటిదేదో ఒక్క గుక్కలో చెప్పేస్తారు. ఫ్రెంచివాళ్ళు తెర్వార్ అని పేరు పెట్టుకుని ప్రపంచానికి అమ్మినది అదే. కానీ ఆ పెద్దమనిషిని మనం రసికుడు అనలేదు, తాగుబోతు అన్నాం. హైదరాబాద్‌లో కల్లు దుకాణాల్ని 2004లో మూసి 2014లో తెరిచారు. వాటి ముందు నిలబడటం పరువు తక్కువ అనుకునే ఇళ్ళల్లోంచి వచ్చి ఇక్కడ గ్లాసు తిప్పుతూ "ఎర్తీగా ఉంది" అంటున్నాం. మట్టి వాసన అని తెలుగులో చెప్పం. ఇంకో తమాషా, మన దగ్గర బ్రాందీ, విస్కీ అమ్మే ప్రతి కొట్టు బోర్డు మీదా "వైన్స్" అనే ఉంటుంది. వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి.

కల్లుని ఇట్లా నెత్తిన పెట్టుకుంటే ఇంకో చిక్కు ఉంది. అందులో మత్తుమందులు కలిపి ప్రాణాలు తీస్తున్నారు, అది నిజం. మందు విషయంలో రుచి ఒక్కటే ప్రశ్న అన్నట్టు మాట్లాడే హక్కు తెలుగువాళ్ళకి లేదసలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్ల మీద తిరగబడ్డారు. ఆ కదలికే 1995లో సంపూర్ణ నిషేధం దాకా వెళ్ళింది. 1997లో దాన్ని ఎత్తేశారు. వాళ్ళకి సారాలో పూల వాసన వస్తోందా పళ్ళ వాసన వస్తోందా అని అడగడం అశ్లీలం. కూలి డబ్బులు ఇంటికి రావడంలేదన్నది వాళ్ళ ప్రశ్న. ఏ మోతాదులో తాగినా క్షేమం అనలేం అని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. ఫైన్ వైన్ కల్చర్‌లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. సీసా ఖరీదు పెరిగేకొద్దీ తాగుడు పేరు మారుతుంది. పది డాలర్ల దగ్గర తాగుడు, నలభై దగ్గర టేస్టింగ్, రెండొందల దగ్గర సంస్కృతి. లివర్‌కి ఈ ధరల పట్టిక తెలీదు.

అయినా నేను వెళ్తాను టేస్టింగ్‌లకి. నిదానంగా తాగడం, ఎదుటి మనిషి ఏమంటున్నాడో వినడం, ఈ పంట ఎవరు పండించారు అని అడగడం, ఇవన్నీ మంచివే. చివరి ప్రశ్న తక్కువమంది అడుగుతారనుకోండి. అడిగితే జవాబు బావుంటుంది. రాలీకి వాయవ్యంగా యాడ్కిన్ లోయ ఉంది. పొగాకు దేశం అది. పొగాకు పడిపోతున్నప్పుడు కొందరు రైతులు ద్రాక్ష వేశారు. డాబ్సన్‌లో షెల్టన్ అన్నదమ్ములు 1999లో తోట పెట్టారు, అక్కడి కమ్యూనిటీ కాలేజీలో ద్రాక్ష సాగు పాఠాలు మొదలయ్యాయి, 2003కల్లా ఆ లోయకి రాష్ట్రంలోనే మొదటి వైన్ ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. ఒక వ్యసనం పంటని పీకి ఇంకో వ్యసనం పంట వేశారు అనొచ్చు. రైతు అప్పు తీరింది అనీ అనొచ్చు. నేను రెండూ అంటాను, రోజుని బట్టి. ఈ రాష్ట్రం పొలాల్లో పనికి మెక్సికో నుంచి హెచ్-2ఏ వీసాల మీద వేలమంది వస్తారు. హెచ్-1బీ మీద వచ్చి గ్లాసు తిప్పే మనకి ఆ అక్షరం తేడా తెలిసి ఉండాల్సింది.

ఆగస్టు చివర్లో రాలీ స్టేట్ ఫార్మర్స్ మార్కెట్‌కి స్కపర్నాంగ్ పళ్ళు వస్తాయి. తినే పద్ధతి ఒకటుంది. కాడ ఉన్న వైపు నోట్లో పెట్టుకుని, మన చిన్నరసం మామిడిపండులా పిసికి గుజ్జు పీల్చుకుని, తోలూ గింజలూ పక్కన ఉమ్మేయాలి. నాకు చూపించింది అక్కడ బుట్ట పట్టుకు నిలబడ్డ ఒక నల్లజాతి పెద్దావిడ. వీటితో వాళ్ళమ్మ ఇంట్లోనే వైన్ చేసేదట, చర్చివాళ్ళకి తెలీకుండా. ఎట్లుండేది అని అడిగాను. తియ్యగా ఉండేది, ఇంకెట్లా ఉంటుంది, అంది.