జీవన్మృతుడు: ఒక మాట, ఒక నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

జహీరాబాద్ దాటి కర్ణాటక వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై తెలంగాణ సరిహద్దున చిరాగ్‌పల్లి ఉంది. పేరులోని ‘చిరాగ్’ ఉర్దూలో దీపం. తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసి వినిపించే ఈ ప్రాంతపు తెలుగులో ప్రాణం ‘పానం’ అవుతుంది. ఒంట్లో నలతగా ఉంటే ‘పానం మంచిగ లేదు’ అంటారు. మనిషి మరణిస్తే ‘పానం పోయింది’ అంటారు. ఆరోగ్యానికీ జీవానికీ మాట ఒక్కటే.

ఈ రహదారిపై ప్రమాదంలో తలకు తీవ్రమైన గాయమైన ఒక యువకుణ్ణి హైదరాబాదులోని ఇంటెన్సివ్ కేర్ విభాగానికి చేర్చిన సందర్భాన్ని ఊహించవచ్చు. కొన్ని రోజుల తరువాత వైద్యులు అతడు బ్రెయిన్ డెడ్ అయ్యాడని చెబుతారు. పత్రికల తెలుగులో అతడు ‘జీవన్మృతుడు’. తల్లి కంటికి మాత్రం అతని రొమ్ము లేస్తూ పడుతూనే ఉంటుంది. చెయ్యి వెచ్చగానే ఉంటుంది. ‘పానం ఉన్నదా, పోయిందా సారూ?’ అన్న ఆమె ప్రశ్నకు ‘జీవన్మృతుడు’ అన్న మాట సమాధానం కాగలదా? ప్రాణాధార చికిత్స గురించి తెలుగులో వాడే మాటలు సమ్మతి అనే నైతిక క్రియను ఎలా ప్రభావితం చేస్తాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

అవయవానికి ఆధారం

1952లో కోపెన్‌హాగన్ నగరంలో పోలియో ప్రబలి, రోగులు ఊపిరి ఆడక మరణిస్తున్నప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతులో అమర్చిన గొట్టం ద్వారా చేతితో గాలి అందించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చుని సంచి నొక్కారు. ఆ గాలి పోలియోను నయం చేయలేదు. కండరాలు కోలుకునేదాకా ఊపిరితిత్తుల పనిని నిలబెట్టింది. నేటి వెంటిలేటర్, డయాలసిస్, రక్తపోటును నిలిపే మందులు చేసేదీ అదే. అవి ఒక్కొక్క అవయవం పనిని అరువుగా చేసిపెట్టి, శరీరానికి వ్యవధి ఇస్తాయి.

వైద్య పరిశోధనలో దీనిని అవయవానికి ఇచ్చే ఆధారంగానే వ్యవహరిస్తారు. తెలుగులో అది ‘ప్రాణాధారం’ అయింది. ప్రాణమంటే ఊపిరి అన్న అర్థం, ప్రాణాపానాదులైన పంచప్రాణాల భావన ఈ భాషలో లోతుగా నాటుకుని ఉన్నాయి. అందువల్ల ఊపిరి ఆడించే యంత్రం ప్రాణాన్నే పట్టి ఉంచుతున్నదన్న భావన సహజంగా ఏర్పడుతుంది. అవయవానికి అందే సాయం మనిషికి అందే సాయంగా మారేది కోలుకునే అవకాశం ఉన్నప్పుడే. ‘ప్రాణాధారం’ అన్న మాటలో ఈ తేడా కనిపించదు.

నివారణ చికిత్సలో ఇదే చిక్కు

ఇంటెన్సివ్ కేర్‌లో ఇంకా రాని ముప్పుకు కూడా మందు ఇస్తారు. తీవ్ర అనారోగ్యంలో జీర్ణాశయం నుండి రక్తస్రావం జరగకుండా ఇచ్చే పాంటోప్రజోల్ ఇందుకు ఉదాహరణ. 2018లో వెలువడిన ఐరోపా పరిశోధనలో సుమారు 3,300 మంది పాల్గొన్నారు. 90 రోజుల లోపు మరణించినవారు మందు పొందిన వర్గంలో 31.1 శాతం, పొందని వర్గంలో 30.4 శాతం. 2024లో వెలువడిన మరొక పరిశోధనలో వెంటిలేటర్‌పై ఉన్న 4,821 మందిని గమనించారు. తీవ్ర రక్తస్రావం 3.5 శాతం నుండి 1 శాతానికి తగ్గింది. మరణాల్లో గణనీయమైన తేడా కనిపించలేదు.

ఈ మందుకు ప్రయోజనం లేదని దీని అర్థం కాదు. అది రక్తస్రావాన్ని నివారిస్తుంది. ప్రాణాన్ని నిలబెడుతుందని మాత్రం ఈ ఫలితాలు చెప్పడం లేదు. స్పృహలో లేని రోగి తరఫున బంధువు సమ్మతి తెలిపేటప్పుడు ‘ప్రాణం కాపాడే మందు’ అని వింటే, అతడు ఒప్పుకున్నది ఉన్న మందుకు కాదు, లేని వాగ్దానానికి.

దధీచి, శిబి, వెంకటేశ్

దేహదానాన్ని గురించిన రెండు కథలు తెలుగు పాఠకునికి సుపరిచితాలు. ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలోని శిబి బతికి ఉండగానే తన మాంసాన్ని కోసి తూచి ఇస్తాడు. ఏర్చూరి సింగన తెనిగించిన భాగవత షష్ఠస్కంధంలోని దధీచి ముందుగా యోగంతో దేహాన్ని విడుస్తాడు. ఆ తరువాతనే అతని ఎముకలు వజ్రాయుధమవుతాయి. ఒకటి సజీవదానం, మరొకటి మరణానంతరదానం. రెండింటి నడుమ గీత స్పష్టంగా ఉంది.

2004 డిసెంబరులో ఈ గీత న్యాయస్థానం ముందుకు వచ్చింది. కండరాల క్షీణత వ్యాధితో హైదరాబాదులో వెంటిలేటర్‌పై ఉన్న చదరంగ క్రీడాకారుడు కొలవెన్ను వెంకటేశ్ వయస్సు అప్పటికి 25 ఏళ్లు. అవయవాలు పాడవకముందే వాటిని దానం చేయాలని అతడు కోరాడు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మరణం ధ్రువపడక ముందు అటువంటి దానాన్ని అనుమతించదు గనుక ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంగీకరించలేదు. వెంటనే అతడు మరణించాడు. కళ్లు మాత్రం దానమయ్యాయి. దధీచి వలె దేహాన్ని తానే విడిచే శక్తి అతనికి లేదు. ఇతరులు ఆ పని చేయడం చట్టం దృష్టిలో ప్రాణహరణం. అతని కోరిక ఉదాత్తమైనదే. అయినా ఆ గీతను చెరిపితే, నోరులేని తరువాతి రోగి తరఫున ఇతరులు అదే కోరికను ‘కోరే’ ప్రమాదం ఉంది. అందువల్ల ఆ నిషేధం క్రూరంగా కనిపించినా నిరాధారం కాదు.

మాటలోని వైరుధ్యం

ఆ చట్టం ప్రకారం మెదడు కాండం మరణించిన వ్యక్తి మృతుడే. నలుగురు వైద్యుల మండలి కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి దానిని ధ్రువీకరించాలి. 2013 నుండి అమలులో ఉన్న జీవన్‌దాన్ కార్యక్రమం నిలబడినది ఈ పునాదిపైనే. ధ్రువీకరణ తరువాత వెంటిలేటర్ పని మారదు, దాని ప్రయోజనం మారుతుంది. నిన్నటిదాకా అది రోగి కోసం. నేడు అవయవం అందుకోబోయే అపరిచితుని కోసం.

‘జీవన్మృతుడు’ అన్న సంస్కృత సమాసానికి బతికి ఉండీ చచ్చినవానితో సమానుడని అర్థం. అవమానం వల్లనో దుర్గతి వల్లనో కుంగినవానికి ఆ మాట వాడుక. దానిని బ్రెయిన్ డెడ్ అయిన వ్యక్తికి అన్వయిస్తే అతడు ఇంకా జీవిస్తున్నాడని చెప్పినట్లే. అప్పుడు దానానికి ఒప్పుకున్న తల్లి తన మాటతోనే కొడుకు ప్రాణం తీసినట్లు భావించే అవకాశం ఉంది. ఒప్పుకోని తల్లి బతికున్నవాణ్ణి కాపాడుకున్నట్లు భావించవచ్చు. ఇద్దరి నిర్ణయాలకూ ఆధారం ఒక తప్పు మాట.

గుండె కొట్టుకుంటున్నది గనుక ఈ మాటే కళ్లెదుటి దృశ్యానికి నిజాయితీగా సరిపోతుందని వాదించవచ్చు. మెదడు మరణమే మనిషి మరణమా అన్న విషయంలో తత్త్వవేత్తలలో ఏకాభిప్రాయం లేదన్నదీ నిజమే. అయితే సందేహం ఉంటే దానిని సందేహంగానే విప్పి చెప్పాలి. ‘జీవన్మృతుడు’ ఆ పని చేయదు. అవును, కాదు అన్న రెండు జవాబులనూ ఒకే సమాసంలో ఇమిడ్చి, తేల్చుకునే భారాన్ని దుఃఖంలో ఉన్నవారిపై వేస్తుంది.

ముగింపు

సమ్మతి విలువ దానికి ముందు చెప్పిన మాట విలువను మించదు. ‘మెదడు పూర్తిగా చనిపోయింది, మనిషి పోయాడు, యంత్రం ఊపిరి ఆడిస్తున్నది, అందుకే గుండె కొట్టుకుంటున్నది’ అన్న నాలుగు వాక్యాలు ఒక సమాసం కన్నా పొడవైనవే. కాని ‘పానం ఉన్నదా, పోయిందా’ అన్న ప్రశ్నకు అవి జవాబు చెబుతాయి. విన్న తరువాత ఆ తల్లి దానానికి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఏ నిర్ణయమైనా అది ఆమె తెలిసి చేసినదవుతుంది. వైద్య పరిభాషను తెలుగులోకి తెచ్చే పని పదకోశ నిర్మాణంతో ముగియదని, అది నైతిక బాధ్యత కూడానని ఈ ఒక్క మాట చరిత్ర నిరూపిస్తున్నది.