యోగం, క్షేమం: పుదుచ్చేరి మంత్రివర్గ నిర్ణయాల ఫలం ఎవరిది?

ఒక ప్రభుత్వం రేవు కట్టాలని, పరిశ్రమకు భూమి ఇవ్వాలని, నష్టాల్లో ఉన్న మిల్లును మూసేయాలని తీర్మానించినప్పుడు ఆ కర్మకు కర్త ఎవరు? దాని ఫలం ఎవరికి చెందుతుంది? ధర్మశాస్త్రాలు, అర్థశాస్త్రం ఏనాడో చర్చకు పెట్టిన ప్రశ్నలివి. పుదుచ్చేరిలో వీటికి మరింత పదును వచ్చింది. అక్కడి మంత్రివర్గంలో ముఖ్యమంత్రితో కలిపి ఉండేది ఆరుగురే. సచివాలయం సముద్రానికి ఎదురుగా బీచ్ రోడ్డు మీద ఉంది. శాసనసభ, లెఫ్టినెంట్ గవర్నర్ నివాసం, మనకుళ వినాయకుడి గుడి, శ్రీ అరవింద ఆశ్రమం అన్నీ అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. అధికారం, వాణిజ్యం, భక్తి ఇంత దగ్గరగా కాపురముండే ఊళ్లు దేశంలో తక్కువ.

ముందుగా కర్త సంగతి చూడాలి. ఫ్రెంచి పాలన 1954 నవంబరు 1న ఆచరణలో ముగిసింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. మరుసటి ఏడాది పార్లమెంటు చేసిన కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం పుదుచ్చేరికి శాసనసభను, మంత్రిమండలిని ఇచ్చింది. ఆ చట్టమే మంత్రులకూ లెఫ్టినెంట్ గవర్నర్‌కూ అభిప్రాయభేదం వస్తే విషయాన్ని రాష్ట్రపతికి, అంటే కేంద్రానికి, నివేదించే దారి కూడా పెట్టింది. పేదలకు ఉచిత బియ్యం ఇవ్వాలా, దాని బదులు నగదు ఇవ్వాలా అన్న వివాదం ఆ దారినే నడిచింది. వి. నారాయణసామి మంత్రివర్గం బియ్యమే కావాలంది. అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ నగదు వైపు నిలబడ్డారు. కేంద్రం నగదునే సమర్థించింది. లెఫ్టినెంట్ గవర్నర్ రోజువారీ పాలనలో జోక్యం చేసుకోరాదని 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పగా, 2020 మార్చిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. ఓటరు ఎన్నుకునేది ఒకరిని, తుది మాట మరొకరిది. ఇక ఫలం గురించి ఎవరిని నిలదీయాలి?

మనుస్మృతి న్యాయసభను గురించి చెబుతూ, అన్యాయపు తీర్పు వల్ల పుట్టే పాపంలో పావు వంతు నేరం చేసినవాడికి, పావు అబద్ధపు సాక్షికి, పావు సభ్యులకు, పావు రాజుకు చెందుతుందని లెక్క కట్టింది. అది తీర్పుల సందర్భంలో పుట్టిన మాట. అయినా కలిసి తీర్మానం చేసే ఏ సభకైనా దాని తర్కం వర్తిస్తుంది. శాస్త్రం పాపాన్ని పంచింది కాని మాఫీ చేయలేదు. ఫైలు ఎన్ని బల్లలు దాటితే బాధ్యత అంత పలచనవుతుందన్న నేటి అలవాటుకు అందులో చోటు లేదు. మౌనంగా కూర్చున్న సభ్యుడికీ వాటా ఉంది.

ఇక నిర్ణయం ఎలాంటిదై ఉండాలన్న ప్రశ్న. కౌటిల్యుడు దండనీతికి నాలుగు పనులు అప్పగించాడు: లేనిదాన్ని సంపాదించడం, సంపాదించినదాన్ని కాపాడడం, కాపాడినదాన్ని పెంచడం, పెరిగినదాన్ని అర్హులకు పంచడం. తిరుక్కురళ్‌లో వళ్లువర్ కూడా రాజ్యానికి దాదాపు ఇదే వరుస చెప్పాడు. సంపాదించడం యోగం, కాపాడడం క్షేమం. తెలుగువాళ్లు ఉత్తరాల్లో అడిగే యోగక్షేమాలు ఈ రెండు మాటల జంటే. పెట్టుబడి విధానమని నేడు పిలిచేది ఎక్కువగా ఒక్క యోగం చుట్టూ తిరుగుతుంది: ఎన్ని కోట్లు వచ్చాయి, ఎన్ని ఒప్పందాల మీద సంతకాలయ్యాయి, ఎంత రాయితీ ఇచ్చారు. వచ్చినదాన్ని, అంతకు ముందే ఉన్నదాన్ని కాపాడే లెక్క ఏ సమావేశపు ఎజెండాలోనూ అంత ప్రస్ఫుటంగా కనబడదు. పుదుచ్చేరి అనుభవం చెప్పే ముఖ్యమైన సంగతి ఇదే.

మంత్రాలోచనకు ఐదు అంగాలున్నాయని కూడా అర్థశాస్త్రం చెబుతుంది. పని మొదలుపెట్టే ఉపాయం, మనుషులు-సామగ్రి, దేశకాలాల విభజన, కార్యసిద్ధి అన్నవి నాలుగు. వీటితోపాటు వినిపాత ప్రతీకారం అన్నది మరొకటి. అనుకున్నది తలకిందులైతే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవడమే వినిపాత ప్రతీకారం. మంత్రుల సంఖ్య పన్నెండా, పదహారా, ఇరవయ్యా అని పూర్వాచార్యులు వాదించుకుంటే, పనికి తగినంతమంది ఉంటే చాలని కౌటిల్యుడు తేల్చేశాడు. సంఖ్య కన్నా ఆలోచన సంపూర్ణంగా ఉండడమే ఆయనకు ముఖ్యం. ఈ వినిపాత ప్రతీకారం లోపిస్తే ఏమవుతుందో పుదుచ్చేరి తీరం చూపించింది.

1980ల చివర పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోట కొత్త రేవు కోసం సముద్రంలోకి రాతి గట్లు కట్టారు. ఉద్దేశం మంచిదే. పడవలు, చిన్న ఓడలు నిలకడగా లోపలికి రావాలి, రేవు నోట ఇసుక మేట వేయకూడదు. కాని కోరమాండల్ తీరంలో ఇసుక కదలకుండా ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. మొత్తం మీద చూస్తే ప్రయాణం ఉత్తరానికే. బీచ్ అంటే ఇలా నడిచే ఇసుక కాసేపు ఆగే మజిలీ. రాతి గట్టు అడ్డం పడగానే ఇసుక దక్షిణాన పోగుపడింది. ఉత్తరాన ఉన్న పట్టణానికి రావలసిన ఇసుక రాలేదు. అలలు మాత్రం తమ వాటా తీసుకుపోతూనే ఉన్నాయి. కొన్నేళ్లలో పట్టణం ముందున్న ఇసుక తీరం మాయమైంది. దాని స్థానంలో నల్లరాతి బండలు పేర్చారు. తరువాతి తరం పిల్లలు సముద్రాన్ని బండల మీద నుంచే చూశారు. కురుచ్చికుప్పం, వైత్తికుప్పం మత్స్యకారులకు పడవలు లాగిపెట్టుకునే, వలలు ఆరేసుకునే చోటు కరిగిపోయింది. ఉప్పాడ తీరంలో సముద్రపు కోత చూసినవారికి ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

కోత అక్కడితో ఆగలేదు. పట్టణం ముందు బండలు వేయడంతో సమస్య మరింత ఉత్తరానికి, తమిళనాడు పల్లెలకు జరిగింది. ఆ పల్లెలవారు పుదుచ్చేరి ఓటర్లు కారు. ఆ నిర్ణయంలో వారికి గొంతు లేదు, ఫలంలో మాత్రం వాటా దక్కింది. అంత చేసినా రేవుకు ఆశించిన సరుకు రాలేదు. 2000 దశకంలో ఇదే చోట ప్రైవేటు పెట్టుబడితో భారీ రేవు కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు మత్స్యకారులు, పట్టణ పౌరులు గట్టిగా ఎదురు తిరిగారు. అది ఆగిపోయింది. చివరికి 2018, 2019 ప్రాంతంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపకల్పనతో సచివాలయం ఎదుట నీటి అడుగున ఉక్కు దిబ్బ నిలిపి, ఇసుక పోసి కొంత బీచ్‌ను తిరిగి రప్పించారు. వినిపాత ప్రతీకారం దొరికింది, కాని ముప్ఫై ఏళ్ల తరువాత.

భగవద్గీత పద్ధెనిమిదో అధ్యాయం కర్మను మూడు విధాలుగా వింగడిస్తుంది. వెనక వచ్చే పర్యవసానం, నష్టం, ఇతరులకు కలిగే హింస, తన శక్తి ఎంత అన్నవి చూసుకోకుండా మోహంతో ఆరంభించేది అందులో తామసం. అభివృద్ధి చర్చల్లో ఎక్కువగా వినపడేది మాత్రం రెండో అధ్యాయంలోని మాట: కర్మ మీదే అధికారం, ఫలం మీద లేదు. దాన్ని ఫలాన్ని లెక్కచేయనక్కరలేదన్న అర్థంలో వాడడం పెద్ద పొరపాటు. తన లాభం కోసం ఆశపడవద్దన్నది ఆ ఉపదేశం. ఇతరుల మీద పడే ఫలితం గురించి ఆలోచించవద్దని గీత ఎక్కడా చెప్పలేదు. లోకసంగ్రహం అన్న మాటకు ప్రాణమే ఆ ఆలోచన. శ్రీ అరవిందులు గీతావ్యాసాలను 1916 నుంచి 1920 వరకు ఈ ఊళ్లోనే, ఆర్య పత్రికలో వెలువరించారన్నది ఇక్కడ తలచుకోదగిన విషయం. వళ్లువర్ మరింత లౌకికంగా చెప్పాడు: రాబోయే లాభం మీద ఆశతో చేతిలో ఉన్న మొదలు పోగొట్టే పనిని తెలివైనవారు తలపెట్టరు. పుదుచ్చేరికి ఆ బీచే మొదలు.

మిల్లుల కథలో క్షేమం మరో రూపంలో ఎదురవుతుంది. 1829లో మొదలైన సవానా మిల్లు, 1898లో రోడియర్ మిల్లుగా పుట్టి ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్‌గా పేరుపడ్డ మిల్లు ఈ పట్టణానికి శతాబ్దానికి పైగా అన్నం పెట్టాయి. 1936 జులై 30న సవానా మిల్లు కార్మికుల మీద జరిగిన కాల్పుల్లో పన్నెండుమంది ప్రాణాలు కోల్పోయారు. వారి త్యాగం, వి. సుబ్బయ్య నడిపిన ఉద్యమం వల్ల మరుసటి ఏడాది ఫ్రెంచి భారతంలో ఎనిమిది గంటల పని దినం చట్టమైంది. 1980లలో ఆంగ్లో-ఫ్రెంచ్ మిల్లును ప్రభుత్వమే తీసుకుంది. 2011 డిసెంబరు చివర తాకిన థానే తుపాను దాన్ని బాగా దెబ్బతీసింది. 2020 ఏప్రిల్ 30న అది పూర్తిగా మూతపడింది. ఏళ్ల తరబడి నడవని మిల్లుకు జీతాలు ఇస్తూ పోవడం ధర్మమా అని అడగవచ్చు. ఆ డబ్బు కూడా ప్రజలదే కదా. నిలబెట్టలేని మిల్లును మూయడం తప్పని అనడం కష్టం. ప్రభుత్వం చేతికి వచ్చాక దాదాపు మూడున్నర దశాబ్దాల కాలం ఉంది. ఆ కాలంలో యంత్రాలను, మార్కెట్టును కాపాడుకోలేకపోవడమే అసలు లోపం. మూసివేత ఉత్తర్వు ఒక్క రోజుది, క్షేమ లోపం మాత్రం ఏళ్లది.

సేదరాపట్టు, కరసూరు దగ్గర ప్రత్యేక ఆర్థిక మండలి కోసం సేకరించిన వందల ఎకరాల సంగతీ అంతే. రైతుల చేతి నుంచి భూమి వెళ్లింది, మండలి రాలేదు, నేల ఏళ్ల తరబడి బీడు పడింది. యోగమూ లేదు, క్షేమమూ లేదు.

ఎక్సైజ్ ఆదాయం వేరే తరహా ప్రశ్న. పుదుచ్చేరి ఆర్థిక సంఘం పరిధిలోకి రాదు. సొంత ఆదాయ మార్గాలు కొన్నే. వాటిలో మద్యం మీద వచ్చే పన్ను పెద్దది. ధర తక్కువని పొరుగు రాష్ట్రం నుంచి జనం వస్తారు, ఆ డబ్బు వృద్ధుల పింఛనుగా, పేదల సాయంగా మారుతుంది. మద్యనిషేధం వైపు నడవమని రాజ్యాంగం 47వ అధికరణం ఆదేశిక సూత్రంగా చెబుతుంది. కౌటిల్యుడేమో సురాధ్యక్షుణ్ని నియమించి అమ్మకాన్ని కట్టడి చేయమన్నాడు. రెంటిలోనూ మద్యం అదుపులో పెట్టవలసిన వస్తువే. దాన్ని పెంచవలసిన పరిశ్రమగా చూసే ఆలోచనకు రెండు చోట్లా ఆధారం లేదు. ఒక ఇంటి ఆసరాకు పక్క ఇంటి వ్యసనం మూలధనమైనప్పుడు, పంచడం ఎంత మంచిదైనా సంపాదన మీద పడ్డ మచ్చ పోదు.

2021 మార్చిలో ఎన్నికల సభలో ప్రధాని మోదీ పుదుచ్చేరిని ‘బెస్ట్’గా చేస్తామన్నారు. వ్యాపారం, విద్య, ఆధ్యాత్మికత, పర్యాటకం అన్న నాలుగు మాటల ఇంగ్లిషు పేర్ల తొలి అక్షరాల కూర్పు అది. ఆధ్యాత్మికత పెట్టుబడి జాబితాలో ఒక పద్దుగా నిలవడం గమనించదగినది. గుడికి దారి వేయడం, యాత్రికుడికి వసతి కల్పించడం ప్రభుత్వం చేయదగిన పనులే. అయితే శ్రీ అరవిందులు ఈ పట్టణంలోనే కూర్చుని, భోగాన్నీ ధనసంచయాన్నీ పరమార్థంగా పెట్టుకున్న నాగరికతను ఒక కొత్త అనాగరికతగా విమర్శించారు. ఆయన ధనాన్ని నిరాకరించలేదు. అది శక్తి అని, దాన్ని పట్టుకుని ఉన్నవారు ధర్మకర్తలే తప్ప యజమానులు కారని రాశారు. ఆ దృష్టిలో ఆధ్యాత్మికత నాలుగు పద్దుల్లో ఒకటిగా ఉండలేదు. మిగతా మూడింటినీ అడగవలసిన ప్రశ్న అదే. సందర్శకుల సంఖ్యతో దాన్ని కొలవడం మొదలైతే, ప్రశ్నించవలసినది కాస్తా అమ్ముడుపోయే సరుకవుతుంది.

చివరగా సభలో ఎవరు కూర్చుంటారన్న విషయం. పుదుచ్చేరి మంత్రివర్గం పాలించేది ఒక్క పట్టణాన్ని కాదు. కారైకాల్, మాహే, తెలుగు మాట్లాడే యానాం కూడా దాని కిందివే. గోదావరి ఒడ్డున ఉన్న యానాం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి పరిశ్రమకు రాయితీ, రోడ్డుకు నిధి, ఆసుపత్రికి మంజూరు అన్నీ తమిళం మాట్లాడే తీరంలో తేలాలి. ముప్ఫై మంది ఎన్నికైన సభ్యుల్లో యానాం వాటా ఒక్కటి. 2012 జనవరిలో అక్కడి సిరామిక్స్ కర్మాగారంలో కార్మిక వివాదం రెండు వైపులా ప్రాణాలు తీసింది, కర్మాగారం మూతపడింది. ఉపాధి పోయిన కుటుంబాల గోడు అంత దూరం వెళ్లి వినిపించవలసి వచ్చింది. 2021లో ఎన్. రంగసామి తన సొంత తట్టాంచావడితోపాటు యానాంలోనూ పోటీ చేశారు. అక్కడి ఓటర్లు ఆయనను ఓడించి స్థానికుడైన స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్‌ను ఎన్నుకున్నారు. తట్టాంచావడిలో గెలిచిన రంగసామి ముఖ్యమంత్రి అయ్యారు. యానాం పద్దులు మళ్లీ బీచ్ రోడ్డు సచివాలయానికే చేరాయి.