కానరాని పదును

అనకాపల్లి పేరు వినగానే బెల్లము స్ఫురించును. శారదానది పరిసరములందు చెఱకు పండును. ఆ చెఱకు గానుగకు చేరును. రసము పెనములో మరగి పాకమై, దిమ్మయై విపణికి వచ్చును. దేశమందలి పెద్ద బెల్లపు విపణులలో నిది యొకటి. 1913లోనే ఇచట చెఱకు పరిశోధనకై కేంద్రము వెలసినది. ఇంతటి తీపికిని తొలుత పనిచేయునది కత్తి. నేలబారున చెఱకును నరకు కత్తి లేనిచో గానుగ తిరుగదు, పెనము కాగదు. అయినను బెల్లమును మెచ్చువారు కత్తిని తలపరు. కత్తిని చేసినవానిని అసలే తలపరు.

కత్తి చేయుట కమ్మరి విద్య. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు అతని పరికరములు. ఇవి లేకున్నను ఇంటివద్ద కత్తి చేసికొనువారు కలరు. అట్టి గృహస్థు నొకనిని ఊహింతము. పెరటిలో చిన్న గొయ్యి త్రవ్వి, బంకమట్టితో మెత్తి, అడుగున గాలి పోవుటకు ఇనుప గొట్టము నమర్చెను. అదియే కొలిమి. సైకిలు పంపు తిత్తి యైనది. బరువైన ఇనుప దిమ్మ దాగలి యైనది. పాత లారీ కమాను పట్టీ ముక్క ఒకటి సంపాదించి, కట్టెబొగ్గులలో నుంచి కాచెను. ఎఱ్ఱబారిన ఉక్కును సుత్తితో సాగగొట్టెను. చల్లారగా మరల కాచెను. పది కాపులలో చేయదగిన పనికి అతనికి నలుబది కాపులు పట్టినవి. అంతకు ఆకారము కుదిరెను.

ఆకారము కుదిరినంత మాత్రమున అది కత్తి కాదు. పదును పెట్టవలెను. సుమారు 770 డిగ్రీల వేడిమి వద్ద ఉక్కు అయస్కాంతమునకు అంటుట మానును. అంతకు కొంచెము మించి కాచి వెంటనే నూనెలో ముంచినచో ఉక్కు గట్టిపడును. కర్బనము తక్కువగా నున్న మెత్తని ఇనుమునకు ఈ గుణము లేదు. అయితే అట్లు గట్టిపడిన ఉక్కు గాజువలె పెళుసుగా నుండును. దానిని మరల 200 మొదలు 250 డిగ్రీల వరకు మెల్లగా కాచి, పెళుసుదనమును తగ్గింపవలెను. అప్పుడు మెఱుగు పెట్టిన అలుగుపై ఎండుగడ్డి వన్నె తోచును; వేడి పెరిగినకొలది అది గోధుమవన్నెకు తిరుగును. గట్టిదనము, ఓర్పు రెండును సమకూడినప్పుడే పదును నిలుచును.

మన గృహస్థు కత్తిని నూనెలో ముంచిన క్షణమున సన్నని ధ్వని యొకటి వినవచ్చెను. ‘టిక్కు’ మని ఒక్కసారి. ఉక్కు లోపల బీటవారినదని దాని అర్థము. తీసి చూడగా వెంట్రుకవంటి గీత. సాన పట్టి మెఱుగు పెట్టగా గీత కానరాకపోయెను. పిడి తొడిగిన పిమ్మట కత్తి తళతళ మెఱయుచుండెను. పొరుగు రైతు చూచి, వెల యిచ్చెదను, నాకిమ్మనెను. ఆ ధ్వనిని విన్నవాడు గృహస్థు ఒక్కడే. ఇప్పుడతని కర్తవ్య మేమి?

ఒకరనవచ్చును: వస్తువును పరీక్షించి కొనుట కొనువాని బాధ్యత. వేరొకరనవచ్చును: కత్తితో పాపము చేసినను పుణ్యము చేసినను అది పట్టినవానిదే, చేసినవానికేమి సంబంధము? మూడవవారి మాట మరింత బలమైనది: పేదవాడు రెండు దినముల శ్రమను, బొగ్గును, నూనెను ఒక్క గీత కొఱకు పారవేయగలడా?

ఈ మాటలలో కొంత నిజము లేకపోలేదు. కత్తిని ఏ దిక్కునకు ఎత్తవలెనో నిర్ణయించువాడు దానిని పట్టినవాడే. కాని కత్తి యెట్టిదో నిర్ణయించినవాడు చేసినవాడు. కొనువాడు మెఱుగును చూడగలడు, బరువును తూచగలడు, అంచును వ్రేలితో తడవగలడు. లోపలి బీటను చూడజాలడు. బెల్లపు వన్నెను చూచి మోసపోవచ్చునని అనకాపల్లి వారికి వేఱుగ చెప్పనక్కరలేదు. పరీక్షింపజాలనిదానిని పరీక్షింపలేదని కొనువానిని నిందించుట న్యాయము కాదు. ఆ కత్తి చెఱకు తోటలో ఒకనాడు విఱిగి ముక్క ఎగిరినచో, తగులునది కూలివాని కాలికో, ప్రక్కన మోపు కట్టు స్త్రీ కంటికో. వారు ఆ బేరములో లేనేలేరు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు కాయకమును శివపూజతో సమానముగ నిలిపినాడు. చాకలి మాచయ్య, మేదర కేతయ్య, నులియ చందయ్య తమ తమ వృత్తులతోడనే శరణులైరి. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చువాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే ఉంచి రమ్మని పంపెనని శరణుల చరిత్ర చెప్పుచున్నది. ఆ గింజల లెక్క అడుగువారెవ్వరును లేరు. అడుగువారు లేని చోటనే కాయకమునకు పరీక్ష.

వీరశైవుడు ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి పూజించును. కొలిమి వద్ద కుడిచేత సుత్తి నెత్తునప్పుడు, ఎఱ్ఱని ఉక్కును పట్టకారుతో పట్టునది ఆ ఎడమ చేయియే. ఉదయమున లింగమును ధరించిన హస్తము మధ్యాహ్నమున బీటను దాచినచో, పూజ ఎచట ముగిసినట్లు, వంచన ఎచట మొదలైనట్లు?

ఇక పేదవాని ప్రశ్న. అతని నష్టము చిన్నది కాదు. కాని మొత్తము పోవలసిన పనియు లేదు. బీట ఉన్న చోట విఱిచి, దోషము లేని ముక్కను పరీక్షించి, మరల కాచి చిన్న కత్తిగ మలచుకొనవచ్చును. పెద్దకత్తి వెల రాదు. చిన్నకత్తి నిజమైన వెల వచ్చును. ఇక పొరుగు రైతు మరికొన్ని దినములు ఆగవలసియుండును.

ఆ ‘టిక్కు’ మను ధ్వనిని మఱియెవరును వినలేదు. కనుకనే దానిని చెప్పవలసిన భారము విన్నవానిపై నున్నది.