నిరీక్షణలో ముఖాలు

ఆసుపత్రి వరండాలో చీటీ పట్టుకు కూర్చుంటే పొద్దుపోదు. పక్కవాడి ముఖమే కాలక్షేపం. చేతిలో ఫోనుంది గనుక చూపు కాస్తా ఫొటో అవుతోంది. ఇదే వాస్తవికత అంటారు కొందరు మిత్రులు. వాకర్ ఇవాన్స్‌ను ఉదహరిస్తారు. ఆయన 1938–41 మధ్య న్యూయార్కు భూగర్భ రైళ్లలో కోటుకింద కెమెరా దాచి ప్రయాణికుల్ని తీశాడు. నిజమే. కాని వాటిని పుస్తకంగా వేసింది 1966లో. ఆ పాతికేళ్ల జాప్యాన్ని మాత్రం వీరు ఉదహరించరు.

పైగా ప్రయాణికుడు వచ్చే స్టేషనులో దిగిపోగలడు. రోగి లేచిపోలేడు, లేస్తే వరస పోతుంది, కూలి మానుకుని వచ్చిన రోజూ పోతుంది. కదల్లేనివాడి ముఖాన్ని అడక్కుండా తీసుకోవడం సానుభూతి ఎలా అవుతుంది? అడిగితే సహజత్వం చెడుతుందట! చెడనీ. కెమెరాకేసి ఎదురుచూసే రోగి చూపు మాత్రం వాస్తవం కాదా? నన్నడిగితే, ముందు తీయవలసింది పదకొండయినా తెరవని మందుల కిటికీని.