కోరిక గాఢమైనచో చాలునా?

బ్రెజిల్ దేశీయుడగు పావులో కొయిలో 1988లో పోర్చుగీసు భాషలో ప్రకటించిన ‘ఆల్కెమిస్టు’ నవల లోకమంతట ఆదరము పొందినది. 1993లో ఆంగ్లానువాదము వెలువడిన పిమ్మట దాని ఖ్యాతి మరింత పెరిగినది. తెలుగులోను అది లభించుచున్నది. నిరుత్సాహముతో నున్న యువకులకు దీనిని కానుకగా నిచ్చువారు పెక్కుమంది కలరు. అట్టి గ్రంథమును శ్రద్ధతో పఠించిన నాకు ఆశాభంగమే మిగిలినది. పదిమంది మెచ్చినదానిని కాదనునపుడు కారణములు చెప్పుట ధర్మము.

స్పెయిను దేశమున అండలూసియా ప్రాంతపు గొఱ్ఱెలకాపరి శాంటియాగో. ఈజిప్టు పిరమిడ్ల చెంత నిధి యున్నట్లు కలగని, గొఱ్ఱెలను విక్రయించి బయలుదేరును. టాంజియరు పట్టణమున మోసపోయి సర్వము కోల్పోవును. గాజుసామాను వర్తకుని కడ దాదాపు ఒక యేడు పనిచేసి ధనము కూర్చుకొని ఎడారి దాటును. తుదకు తాను తొలుత నిదురించిన పాడుపడిన చర్చి కడనే నిధి కలదని తెలిసికొనును. ఇట్టి కథ క్రొత్తది కాదు. అరేబియా రాత్రుల కథలలోను, రూమీ మస్నవీలోను దీని మూలము కానవచ్చును.

ఇందు మెచ్చదగినది లేకపోలేదు. సర్వము పోయినను కూలబడక, అన్నము కొఱకు గాజుపాత్రలు తుడుచుటకు పూనుకొన్న బాలుని ధైర్యము ఆదర్శప్రాయము. కాని గ్రంథకర్త సిద్ధాంతము వేఱు. హృదయపూర్వకమైన కోరికకు సృష్టియంతయు తోడ్పడునని ఆయన బోధ. ఇది చెవికింపైనదే, అయినను ఫలము తప్పక దక్కునన్నచో, దక్కనివాడు సరిగా కోరలేదనియే గదా తేలును? వానలు లేక పైరెండిన రైతు కోరికలో కొఱత యేమి? రాత్రులు మేల్కొని చదివియు పరీక్ష తప్పిన విద్యార్థి హృదయమున లోప మేమి? ఓడినవానికి ఓటమి దుఃఖమే చాలును. దానిపై నేరము కూడ మోపుట న్యాయము కాదు. గెలిచినవాడు సైతము, తన కోరిక బలముననే గెలిచితినని తలచినచో, పడిపోయినవానిపై జాలి చూపుట మఱచును.

గాజువర్తకుని చూడుడు. మక్కాయాత్ర అతని చిరకాల స్వప్నము. అది నెరవేరినచో బ్రతుకున కిక ఆధార ముండదని జంకి వెళ్ళకుండును. స్వప్నమును విడిచినవానికి గుర్తుగా అతడు కథలో నిలిచినాడు. కాని ఆకలితో వచ్చిన పరదేశికి అన్నము పెట్టి పని యిచ్చిన దెవరు? అతడే. బాలుని యాత్ర సాగుటకు శకునములకంటె ఆ అన్నము, ఆ కాయకము ఎక్కువ తోడ్పడినవి. ఒయాసిస్సులోని ఫాతిమా సంగతియు నిట్టిదే. ఆమె పని నిరీక్షించుటయే. అందఱికిని తమతమ గమ్య మొకటి కలదని చెప్పు గ్రంథమున ఆమెకు వేఱు గమ్యము లేకపోవుట వింత.

ఈ నవలను పిల్లల కీయవలదని నా మతము కాదు. ఇచ్చునపుడు ఒక ప్రశ్నను జోడించి యీయవలెను: “శాంటియాగో నిధి దొరకక రిక్తహస్తములతో మరలి వచ్చియుండినచో, అతనిని నీవు గౌరవింతువా?” గౌరవింతునని చెప్పగల బాలునికి ఈ పుస్తకమువలన హాని లేదు. చెప్పలేనివానితో మనము మఱికొంతసేపు కూర్చుండి మాటలాడవలసి యున్నది.